మా యింటి నీలగిరి తైలం

మా యింట్లో నీలగిరి తైలం సీసా లేని రోజు నాకు జ్ఞాపకం లేదు. చుట్టాల్లో ఎవరు ఊటీ వెళ్ళినా మాకొక సీసా తెచ్చిపెట్టవలసిందే. జలుబు చేస్తే చేతిరుమాలు మీద రెండు చుక్కలు. మోకాళ్ళు పట్టేస్తే నువ్వులనూనెలో కలిపి మర్దనా. తలనొప్పికీ అదే, దోమకాటుకీ అదే. "చెట్టు మందురా! చేస్తే మేలు చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. కీడు మాత్రం చెయ్యదు" అనేది మా అమ్మ. డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా నేనూ అదే నమ్మాను.

2023 డిసెంబరులో ఒక రాత్రి ఆ నమ్మకం పోయింది. ఎలా పోయిందో చెప్పుకోవడం నాకేమీ గౌరవం కాదు. అయినా చెబుతాను.

ఆ రాత్రి నాకు పడిశం, మా మనవడికి దగ్గు. వాడికి ఐదేళ్ళు. "మావయ్యగారూ, డాక్టరిచ్చిన మందు వాడికి ఒక్క చెంచా పొయ్యండి" అని చెప్పి కోడలు వంటింట్లోకి వెళ్ళింది. అలమరలో దగ్గుమందు పక్కనే తైలం సీసా. రెండూ గోధుమరంగువే, రెండూ ఒకే ఎత్తు. నేను చెయ్యి చాపేసరికి కరెంటు పోయింది. సెల్‌ఫోను ఎక్కడ పెట్టానో వెతకడానికి బద్ధకం వేసింది. చేతికందిన సీసా మూత తీసి చెంచాలో పోశాను. తైలం చుక్కచుక్కగానే పడాలని సీసా మూతిలో ఒక ప్లాస్టిక్ బిరడా పెడతారు. అది అడ్డంగా ఉందని ఎప్పుడో పీకి పారేసిన వాణ్ణి కూడా నేనే.

"ఆ వాసన పక్కింటికి కూడా తెలుస్తుందే, మీకు తెలియలేదా?" అంటారు మీరు. అదే కదండీ విచిత్రం! నా ముక్కు దిబ్బడ వేసి ఉంది. పైగా సాయంత్రం నుంచి ఆ తైలమే పీలుస్తున్నాను. ఇల్లంతా ఆ వాసనే.

వాడు సగం మింగి సగం ఉమ్మేసి, "మండుతోంది తాతా!" అని ఏడుపు లంకించుకున్నాడు. అప్పటికి గాని నా చేతిలో ఉన్నదేమిటో నాకు తెలియలేదు.

మా ఆవిడ కక్కించడానికని ఉప్పునీళ్ళు కలిపి తెచ్చింది. ఇంతలో పక్కవాటాలో ఉండే రిటైరైన నర్సుగారు పరుగెత్తుకొచ్చి గ్లాసు లాక్కుంది. "కక్కించకండి పిన్నిగారూ! కక్కేటప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం. సీసా చేత పట్టుకుని ఆస్పత్రికి పదండి" అంది.

ఆటోలోనే వాడు తూగడం మొదలుపెట్టాడు. నిద్రవేళ గదా అన్నాను నేను. నర్సుగారు జవాబు చెప్పలేదు. వాడి చెంప తడుతూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఆ పావుగంట ప్రయాణం ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు కలలోకి వస్తుంది.

డాక్టరు మా అబ్బాయి ఈడువాడు. మొదట సీసా అడిగి చూశాడు. ఎంత మింగాడన్నాడు. "అరచెంచా ఉంటుంది" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. తెల్లవార్లూ వాడి ఊపిరి, నాడి కనిపెట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నే వాడు లేచి ఇడ్లీ కావాలన్నాడు. నేను వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

"ఉమ్మేశాడు గనక బతికిపోయాం. అయిదు మిల్లీలీటర్లు, అంటే ఒక్క టీచెంచా, అంతకన్నా తక్కువైనా సరే, పిల్లలకు ఫిట్సు రావచ్చు, స్పృహ తప్పవచ్చు" అన్నాడు డాక్టరు. "చెట్టు మందే గదా బాబూ!" అన్నాను. ఆయన నవ్వి, "గన్నేరుపప్పు మాత్రం చెట్టుది కాదూ?" అన్నాడు.

ఆ తర్వాత ఈ తైలం సంగతి శ్రద్ధగా తెలుసుకున్నాను. ఈ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1843లో నీలగిరి కొండల మీద నాటారు. అక్కణ్ణించి మనకు ఆ పేరు. మన ఖమ్మం వైపు కాగితం కోసం పెంచే జామాయిల్ దీనికి దాయాదే. ఆకును ఆవిరిపట్టి నూనె తీస్తారు. వంద కిలోల పచ్చి ఆకుకు వచ్చేది కిలో, మహా అయితే రెండు కిలోల నూనె. అంటే చెంచాడు తైలమంటే చేటెడు ఆకు సారమన్న మాట! ఆకు వేరు, తైలం వేరు. మా అమ్మకీ నాకూ తెలియనిది అదే.

ఇందులో ముఖ్యమైన పదార్థం సినియోల్. అది పీలిస్తే ముక్కు విడిచినట్టుంటుంది. నిజానికి లోపలి వాపేమీ తగ్గదు. చల్లదనం తెలిపే నరాలను అది తట్టి లేపుతుంది, అంతే. అయినా ఆ హాయి తక్కువదేమీ కాదు. రుమాలు మీద చుక్క, నువ్వులనూనెలో కలిపి మోకాళ్ళకు మర్దనా నేను ఇప్పటికీ మానలేదు. కాని కలపకుండా ఒంటికి రాయను. రాస్తే మండి దద్దురు లేస్తుంది. దీపం దగ్గర మూత తియ్యను, చప్పున అంటుకుంటుంది. పసిపిల్లల ముఖానికి, ముక్కుకు రానివ్వను. మూర్ఛజబ్బు ఉన్నవాళ్ళు వాసన కూడా పీల్చకపోవడమే మంచిది. పీల్చడం వల్లే మూర్ఛ వచ్చిన సందర్భాలను బెంగుళూరు వైద్యులు 2017లో ప్రకటించారు. ఇక లోపలికి పుచ్చుకోవడమంటారా, ఆ మాటే లేదు.

ఇప్పుడు ఆ సీసా మందుల అలమరలో లేదు. బీరువా పై అరలో, తాళం వేసి ఉంటుంది.

మనవడు ఆ సంగతి మరిచిపోయాడనే అనుకున్నాను. మొన్న జ్వరం వస్తే మందు పొయ్యబోయాను. పట్టపగలే. వాడు నోరు తెరవకుండా, "ముందు లైటు వెయ్యి తాతా" అన్నాడు.

వేశాను. సీసా మీది పేరు పైకి చదివి వినిపించాను. అప్పుడు నోరు తెరిచాడు.