రెండో జట్టు మైదానాల్లో

మెల్‌బోర్న్ వెళ్ళిన మనవాళ్ళు గ్రేట్ ఓషన్ రోడ్డు, ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లు చూసి, ఎంసీజీ బయట విగ్రహాల పక్కన ఫొటోలు దిగి తిరుగు విమానం ఎక్కుతారు. 2025 జూలైలో నేను వెళ్ళినప్పుడు మా బామ్మర్ది వేసిన ప్లానులో ఇవేవీ లేవు. శని, ఆదివారాలన్నీ ఫుట్‌బాల్ మైదానాలకే రాసిచ్చేశాడు. పోనీ ఎనభై వేల మంది కేకలేసే మ్యాచ్‌లా అంటే అదీ లేదు. "పెద్ద మ్యాచ్ రాత్రి టీవీలో చూద్దాం బావా. పగలు మాత్రం రెండో జట్లు ఆడేచోటికి పోదాం" అన్నాడు.

వాడి ఆత్రానికి కారణం ఉంది. ఆఫీసులో వాళ్ళంతా కలిసి సూపర్‌కోచ్ ఆడతారు. మనవాళ్ళు ఐపీఎల్‌కి ఫోన్లో జట్టు కట్టుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ లెక్క కొంచెం ముదురు. ఆటగాడి ధర కిందటి సీజన్లో వాడి సగటును బట్టి ఉంటుంది. ఈ ఏడాది నాలుగైదు మ్యాచ్‌లు ఆడీ ఆడనట్టు ఆడి పక్కన కూర్చున్నవాడు వచ్చే ఏడాది చవగ్గా దొరుకుతాడు. వాడు గనక ప్రతివారం ఆడటం మొదలుపెట్టాడా, ధర ఎక్కడికో పోతుంది. అలాంటివాణ్ణి బ్రేకౌట్ అంటారు. మార్చిలో సీజన్ మొదలయ్యేలోగా అలాంటివాళ్ళని ముగ్గురు నలుగుర్ని పట్టుకున్నవాడిదే ఆ ఏడాది. అందరూ అంకెలు చూసి పట్టుకుంటారు, నేను కళ్ళతో చూసి పట్టుకుంటానని మావాడి పంతం.

ఈ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ నాకు నేర్పింది మేనల్లుడు. ఎనిమిదేళ్ళవాడు, టార్నీట్‌లో ఆస్కిక్ అనే పిల్లల శిక్షణకి వెళ్తాడు. వాడి తరగతిలో సగం పేర్లు మనవే, పంజాబీలవే. "మామయ్యా, త్రో చెయ్యకూడదు. ఒక చేతిలో పెట్టుకుని ఇంకో పిడికిలితో గుద్దాలి" అని సోఫా మీద నించుని చూపించాడు. కోలగా ఉండే బంతి, గుండ్రం కాని మైదానం, జట్టుకి పద్దెనిమిది మంది, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. పదిహేను మీటర్లు దాటి వచ్చిన కిక్కుని గాల్లో పట్టుకుంటే అది మార్క్. అక్కణ్ణుంచి ఎవరూ మీద పడకుండా తన్నుకోవచ్చు. ఆఫ్‌సైడు లేదు. మైదానానికి ఒకే కొలత కూడా లేదు, పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. క్రికెట్ మైదానాల్లో చలికాలం ఏం చేయాలో తెలియక పుట్టిన ఆటలా కనిపిస్తుంది గానీ, చూస్తూ కూర్చుంటే కళ్ళు తిప్పుకోనివ్వదు.

పై లీగు ఏఎఫ్ఎల్. పద్దెనిమిది క్లబ్బులు, ఒక్కోదాని జాబితాలో నలభై పైచిలుకు ఆటగాళ్ళు, వారానికి ఆడేది ఇరవై ముగ్గురు. గాయాలతో పడుకున్నవాళ్ళని తీసేస్తే మిగిలినవాళ్ళు ఆ వారం కింది లీగుల్లో ఆడతారు. మెల్‌బోర్న్ క్లబ్బులకి అది వీఎఫ్ఎల్. అంచున వేలాడే కుర్రాళ్ళంతా అక్కడే దొరుకుతారు.

మొదట వెరిబీ వెళ్ళాం. టార్నీట్ నుంచి కారులో దగ్గరే. నది పక్కన చర్న్‌సైడ్ పార్క్, తక్కువ ఎత్తు కంచె, చెక్క బెంచీలు, సముద్రం వైపు నుంచి చెవులు కోసే గాలి. ఒక చేతిలో వేడి మీట్ పై, ఇంకో చేతిలో టొమాటో సాస్ ప్యాకెట్టు పట్టుకుని జనం కంచె మీద మోచేతులాన్చి నించున్నారు. వెరిబీకి పైన ఏఎఫ్ఎల్ క్లబ్బు దన్నేమీ లేదు, సొంత కాళ్ళ మీద నిలబడ్డ జట్టు. అయినా 2024 వీఎఫ్ఎల్ కప్పు వాళ్ళదే. అంతకుముందు గెలిచింది 1993లో. ఆ రోజు వాళ్ళ మీద ఆడుతున్నది ఒక ఏఎఫ్ఎల్ క్లబ్బు రెండో జట్టు. అంటే మైదానంలో రెండు రకాల ఆశావహులు. ఒకరు పై జాబితాలో పేరుండీ తుదిజట్టులో చోటు లేనివాళ్ళు. ఇంకొకరు వారమంతా వడ్రంగం, కరెంటు పని, బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ ఆ జాబితాలోకి ఎక్కాలని చూసేవాళ్ళు.

మా పక్కన పసుపు నలుపు మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన నించున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మావాడు అప్పటికే ఫోన్లో నోట్సు తెరిచి, ఎవరెన్నిసార్లు బంతి పట్టారో రాసుకుంటున్నాడు. ఆయన కాసేపు ఓపిక పట్టి, "అది రాసుకుని ఏం చేస్తావు మేట్?" అన్నాడు. "ఇక్కడ ముప్పైసార్లు బంతి దొరకడం గొప్పేం కాదు. పైన వీడికి ఇంత తీరిక ఇవ్వరు. బంతి చేతికొచ్చాక వీడు తల ఎత్తి చూస్తున్నాడా, కంగారుగా తన్నేస్తున్నాడా, అది చూడు. బంతి లేనప్పుడు ఎక్కడ నించుంటున్నాడో చూడు."

ఆయన చెప్పిన మొదటి పేరు షాన్ మానా. 2023 వీఎఫ్ఎల్ ఫైనల్లో వెరిబీ గోల్డ్ కోస్ట్ చేతిలో ఓడిపోయింది. ఓడిన జట్టులో ఆడి మానా ఆరు గోల్స్ కొట్టాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్ళు. పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని ఏరుకునే డ్రాఫ్టులో ఆ వయసంటే ముసలితనం కింద లెక్క. అయినా ఆ ఏడాది చివర గీలాంగ్ 36వ ఎంపికగా తీసుకుంది. మేం వెళ్ళేనాటికి గీలాంగ్ ముందువరసలో రోజూ కనిపించే మనిషి అతను. ఆ సెప్టెంబరులో ఎంసీజీలో గ్రాండ్ ఫైనల్ కూడా ఆడాడు. పెద్దాయన అప్పటిదాకా జరిగిందంతా తన మనవడి సంగతిలా చెప్పాడు. తర్వాత మైకేల్ బార్లో. అతనూ వెరిబీలోనే ఆడి, ఫ్రీమాంటిల్ రూకీ జాబితాలో చేరి, 2010లో మొదటి మ్యాచ్ నుంచే దేశమంతా తలతిప్పి చూసేలా ఆడి, సీజన్ మధ్యలో కాలు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత వెరిబీకే కోచ్‌గా తిరిగొచ్చాడు. "కాలు విరక్కపోతే ఆ ఏడు లీగు ఉత్తముడికిచ్చే బ్రౌన్లో మెడల్ దాకా పోయేవాడు" అని పెద్దాయన ఇప్పటికీ బాధపడుతున్నాడు.

మూడో క్వార్టర్ ముగిసి సైరన్ మోగగానే జనం కంచె దాటి మైదానంలోకి నడవడం మొదలుపెట్టారు. వీఎఫ్ఎల్‌లో అది మామూలేనట. పిల్లలు సొంత బంతులు తెచ్చుకుని అటూ ఇటూ తన్నుకుంటున్నారు, మా మేనల్లుడూ అందులో కలిసిపోయాడు. మేం పోయి అతిథి జట్టు చుట్టూ ఉన్న గుంపులో నించున్నాం. కోచ్ గొంతు వినిపించేంత దగ్గర. నొప్పుల ఆయింట్‌మెంటు ఘాటు, తడిసిన గడ్డి, చెమట ఆవిర్లు. మా ముందున్నవాడు రక్‌మన్, అంపైర్ బంతి పైకేసినప్పుడు ఎగిరి దాన్ని తట్టే పొడుగోడు. మావాడి తల వాడి భుజం దాకా రాలేదు. కుడి భుజానికి గోధుమరంగు టేపు నాలుగు పొరలు, మేజోడులో దోపుకున్న మౌత్‌గార్డు, జెర్సీ వెనక మెడ కింద జీపీఎస్ యంత్రం ఉబ్బు. మోకాలి దగ్గర నెత్తురు మట్టితో కలిసి ఎండిపోయింది. వాడికి ఆ ధ్యాసే లేదు. కోచ్ తెల్లబోర్డు మీద అయస్కాంతపు బిళ్ళ ఒకటి మధ్యనుంచి ముందుకి జరిపి వాడి వంక చూశాడు. వాడు తలూపాడు. అంతే, మాటల్లేవు.

చివరి క్వార్టర్లో వాణ్ణి ముందువరసలో నిలబెట్టారు. ఎగిరిన మొదటి బంతే చేజారింది. కింద పడిన దాన్ని వెరిబీ చిన్నోడు ఒకడు తీసుకుని పరుగు లంకించుకున్నాడు. ఇంత పొడుగు మనిషి ఇంకెక్కడ పడతాడులే అనుకున్నాను. దున్నపోతు లేడి వెంటపడ్డట్టు అరవై మీటర్లు తరిమి, వెనకనుంచి రెండు చేతులూ చుట్టి పడేశాడు. పట్టుబడ్డవాడు బంతి వదలకపోతే ఫ్రీ కిక్కు. అతిథి జట్టుకొచ్చిన కాసింత జనం ఒక్క గొంతుతో "బాల్!" అని అరిచారు. మా పెద్దాయన ఏమీ అనలేదు గానీ మావాడి ఫోను వైపు వేలు చూపించాడు. ఆ పరుగు ఏ అంకెలోకీ ఎక్కదు. టాకిల్ ఒకటి అని పడుతుంది, అంతే.

తిరిగొచ్చే దార్లో మావాడు మాక్స్ గాన్ కథ ఎత్తుకున్నాడు. రెండు మీటర్లు దాటిన రక్‌మన్, 2009 డ్రాఫ్టులో 34వ ఎంపిక. మోకాలి గాయాలతో మొదటి ఏళ్ళు సగం ఆసుపత్రుల పాలు. ఏటా ఉత్తములతో కట్టే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులోకి మొదటిసారి ఎక్కింది 2016లో. 2021లో అతని సారథ్యంలోనే మెల్‌బోర్న్ క్లబ్బు 1964 తర్వాత మళ్ళీ కప్పు గెలిచింది. "రక్‌మన్లు ఆలస్యంగానే పండుతారు బావా. ఒళ్ళు గట్టిపడాలి కదా" అన్నాడు. నిజమే. కానీ నాకు ఇంకో సంగతి తట్టింది. రక్‌మన్ తుదిజట్టుకి ఒక్కడు కావాలి, మహా అయితే ఇద్దరు. ఈ కుర్రాడి ఒళ్ళు గట్టిపడటం ఎంత ముఖ్యమో, వాడి ముందున్నవాడి మోకాలు అంతకంటే ముఖ్యం. బ్రేకౌట్ అని జనం చప్పట్లు కొట్టే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఎవరో ఒకరి గాయమో, రిటైర్మెంటో, కోచ్ మారడమో అయి ఉంటుంది. కుర్రాడు రెండేళ్ళ కిందటే సిద్ధం, తలుపే తెరుచుకోలేదు.

మరుసటి వారం బాక్స్ హిల్ రైలెక్కాం. రిచ్‌మండ్ స్టేషన్ దగ్గర కిటికీలోంచి ఎంసీజీ దీపస్తంభాలు కనిపించాయి. మార్లియన్ పికెట్ పేరు ఎత్తకుండా ఆ స్టేషన్ దాటేవాడు మెల్‌బోర్న్‌లో అరుదట. కుర్రతనంలో జైలుకెళ్ళాడు, నలుగురు పిల్లల తండ్రి, పెర్త్ వైపు సౌత్ ఫ్రీమాంటిల్‌కి ఆడుతున్నాడు. 2019లో సీజన్ మధ్య డ్రాఫ్టు మళ్ళీ మొదలైతే, వేలు విరిగి ఉన్నా రిచ్‌మండ్ తీసుకుంది. అప్పటికి ఇరవై ఏడేళ్ళు. నెలల తరబడి రెండో జట్టులోనే ఆడించారు. సెప్టెంబరులో ఆ రెండో జట్టు వీఎఫ్ఎల్ ఫైనల్ గెలిస్తే మ్యాచ్‌లో ఉత్తముడు అతనే. అప్పటికే సీనియర్ జట్టులో ఒకడు గాయపడి ఉన్నాడు. వారం తిరిగేసరికి, ఎంసీజీలో లక్షమంది ముందు గ్రాండ్ ఫైనల్లోనే పికెట్ మొదటి ఏఎఫ్ఎల్ మ్యాచ్. 1952 తర్వాత గ్రాండ్ ఫైనల్లో అరంగేట్రం చేసినవాడు మళ్ళీ అతనే. రిచ్‌మండ్ 89 పాయింట్ల తేడాతో గెలిచింది, అతనూ ఒక గోల్ వేశాడు. ఆ గాయం ఒక వారం అటూ ఇటూ అయ్యుంటే? మావాడు ఈ ప్రశ్నకి జవాబివ్వలేదు, తర్వాతి స్టేషన్ పేరు చదివాడు.

బాక్స్ హిల్‌లో స్టేషన్ దిగితే చైనా బజారులో ఉన్నట్టుంటుంది. ఆవిరి డంప్లింగ్స్ తిని మైదానానికి నడిచాం. హాథార్న్ రెండో జట్టు ఆడే చోటది. శామ్ మిచెల్‌ని 2000 డ్రాఫ్టులో ఎవరూ తీసుకోకపోతే, ఇక్కడే ఆడి మరుసటేడు 36వ ఎంపికగా హాథార్న్‌కి వెళ్ళాడు. తర్వాత 2012 బ్రౌన్లో మెడల్ కూడా అతని మెళ్ళో పడింది. అదే మిచెల్ 2021లో బాక్స్ హిల్ కోచ్‌గా ఉన్నప్పుడు జై న్యూకమ్ అనే కుర్రాణ్ణి ఇక్కణ్ణుంచే సీజన్ మధ్యలో హాథార్న్ తీసుకుంది. ఇప్పుడతను హాథార్న్ నడిమివరసకి మూలస్తంభం. మ్యాచ్ సంగతికొస్తే, వానలో బంతి సబ్బుబిళ్ళలా జారింది, ఎవరి గురించీ ఏమీ తేలలేదు.

అక్కణ్ణుంచి 109 నంబరు ట్రాము ఎక్కి చివరిదాకా కూర్చుంటే పోర్ట్ మెల్‌బోర్న్. ఇంకో వారం అలాగే పోయాం. 1874లో పుట్టిన క్లబ్బు, పాత గ్యాలరీ, ఓడరేవు కూలీల పేటగా ఉన్ననాటి పొగరు ఇంకా వదల్లేదు. మా వెనకవరసలో ఒకావిడ థర్మాస్ ఫ్లాస్కు, ఒళ్ళో కంబళితో కూర్చుంది. అతిథిగా వచ్చిన రెండో జట్టులో కొడుకు ఆడతాడని తెల్లవారుజామున బయల్దేరి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిందట. "ఏ నంబరు?" అని మావాడు ఉత్సాహంగా అడిగాడు. ఆవిడ నవ్వింది. పొద్దున ఫోనొచ్చింది, వాణ్ణి సీనియర్ జట్టుకి ఎమర్జెన్సీగా పిలిచారట. ఎవరైనా చివరి నిమిషంలో తప్పుకుంటే ఆడతాడు. లేకపోతే బూట్లు కట్టుకుని, వార్మప్ చేసి, ట్రాక్‌సూట్ వేసుకుని కూర్చుంటాడు. "అక్కడా ఆడడు, ఇక్కడా ఆడడు. పోయినవారం కూడా ఇంతే" అంది. ఇది ప్రమోషనా, శిక్షా అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ మాత్రం వెళ్ళిపోలేదు. కొడుకు స్నేహితులందర్నీ పేరు పెట్టి పిలుస్తూ, హాఫ్‌టైములో మాకు టీ కూడా పోసింది. వాడి రెండేళ్ళ ఒప్పందం అక్టోబరుతో అయిపోతుందని, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరని చెప్పింది.

ఆగస్టులో నేను తెనాలి వచ్చేశాను. అక్టోబరులో క్లబ్బులు ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడుల గడువు ముగిశాక బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, వెరిబీలో చూశామే పొడుగోడు, వాణ్ణి లిస్టులోంచి కొట్టేశాను. వాళ్ళ క్లబ్బు ట్రేడులో ఇంకో రక్‌మన్‌ని తెచ్చుకుంది. ముప్పై దాటినవాడు."

"మరి మనవాడు?"

"ఇంకో ఏడాది ఒప్పందం ఉంది. మళ్ళీ రెండో జట్టే."

ఆ ముప్పై దాటినవాడికి మోకాళ్ళెలా ఉన్నాయని అడిగాను. మావాడు పకపకా నవ్వాడు. నాకూ ఒక సూపర్‌కోచ్ అకౌంట్ తెరిచిపెట్టమని, అందులో ఆ కుర్రాణ్ణి మొదట రాయమని చెప్పాను.

"వాడి రేటెంతుంటుందిరా?"

"జాబితాలో అంతకంటే చవకైనవాడు ఉండడు" అన్నాడు.