దాదీమా షజరా, నా ఫైలూ

మా దాదీమా మైకా గద్వాల, ససురాల్ వనపర్తి. పెద్ద ఫుప్పీని నాగర్‌కర్నూలుకు ఇచ్చారు. 2016లో మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ దాదీమా లెక్కలో అదంతా పాలమూరే, ఒకటే ఖాందాన్. మా షజరా ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఆమె యాదిలోనే ఉండేది.

అప్పుడే జావా నేర్చుకుంటున్నాను. రంజాన్‌లో తరావీహ్ అయ్యాక లాప్‌టాప్ పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నా. పేరు ఉర్దూలో, ఊరు తెలుగులో, పుట్టిన, పోయిన సంవత్సరాలు అంకెల్లో. మూడు రాత్రులు. నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాంలో, తెర మీద అక్షరాలు సాఫ్‌గానే కనిపించాయి. నాలుగో రోజు ఫైల్ తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలు!

స్ట్రీమ్ అంటే నల్లా పైపు అనుకోండి. దాంట్లో అక్షరాలు పారవు, బైట్లు పారతాయి. ఏ అక్షరానికి ఏ బైట్లో మనమే చెప్పాలి. నేను ఫైల్‌రైటర్ వాడి ఊరుకున్నా. అది విండోస్ పాత పట్టీ తీసుకుంది. అందులో తెలుగుకూ జాగా లేదు, ఉర్దూకూ లేదు. జాగా లేని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం, అంటే 63 అనే అంకె, రాసిపెట్టింది. చదవడంలో గల్తీ అయితే మళ్లీ చదవొచ్చు. ఇది రాయడంలోనే అయిన గల్తీ.

ఇలాజ్ ఒక్క లైనే. అవుట్‌పుట్‌స్ట్రీమ్‌రైటర్‌కు యూటీఎఫ్-8 అని చెప్పాలి, చదివేటప్పుడు ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్‌కూ అదే చెప్పాలి. అందులో ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగులో గుణింతం గుర్తుకూ పొల్లుకూ సైతం మూడేసి. ‘గద్వాల’కు 18. 2022లో వచ్చిన జావా 18 నుంచి చెప్పకపోయినా యూటీఎఫ్-8నే తీసుకుంటుంది. నాకు పనికిరాకుండా వచ్చింది లెండి. రాశాక స్ట్రీమ్ మూయడం కూడా మరవొద్దు, చివరి లైన్లు బఫర్‌లోనే ఉండిపోతాయి.

“మొన్ననే చెప్తిని గదరా బేటా” అని కోప్పడి, దాదీమా మళ్లీ చెప్పింది. అయితే పాత ఫైల్లో ఉన్న రెండు లైన్లు ఈసారి రాలేదు. ఎంత అడిగినా “యాద్ లేదు బేటా” అంది. టైప్ చేసిన నాకూ యాదికి రాలేదు.

అంకెలు మాత్రం చెడిపోలేదు. ఒకటి 1958, 1961. ఇంకొకటి 1963, 1963. పసిపిల్లలన్నమాట. ఊరి దగ్గర ఆరు ప్రశ్నార్థకాలు: గద్వాల. వనపర్తి అయితే ఏడుండేవి. పేర్ల దగ్గర ఒకదానికి నాలుగు, ఒకదానికి ఐదు.

దాదీమా ఇంతెఖాల్ అయి చాలా ఏళ్లయింది. ఆ ఫైల్ ఇంకా డిలీట్ చేయలేదు.