అద్దెయా? అప్పా?

సికింద్రాబాదు స్వంత ఇండ్లవారి ఊరుగా పుట్టినది కాదు. 1806వ సంవత్సరమున మూడవ నిజాము సికిందర్ జా పేరిట వెలసిన ఈ దండుపట్టణమునకు మొదట వచ్చినవారు పటాలములవారు. వారికి సరకులు సమకూర్చు వర్తకులు వారి వెంట వచ్చిరి. రైలుమార్గము పడిన పిమ్మట గార్డులు, డ్రైవర్లు, గుమాస్తాలు వచ్చిరి. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయ మిచ్చట నెలకొనిన తరువాత వారి సంఖ్య ఇంకను హెచ్చెను. వీరిలో పెక్కుమంది సర్కారు చూపిన కప్పు క్రింద ఉద్యోగకాలమెల్ల గడపి, పదవీవిరమణదినము సమీపించినపుడు మాత్రమే తమకొక ఇల్లు కావలెనను సంగతి తలపునకు తెచ్చుకొనినవారు. ఇక కంటోన్మెంటులోని పాత బంగళాల స్థితి మరింత విచిత్రమైనది. ఓల్డ్ గ్రాంటు పద్ధతిని ఇయ్యబడిన స్థలములందు గృహస్థునకు కట్టడముమీదనే హక్కు, నేల ప్రభుత్వానిది. మూడు తరములుగా కాపురమున్న కుటుంబమైనను గోడలకు యజమానియే గాని నేలకు కాదు. ఇట్టి ఊర పుట్టి పెరిగిన నాకు, స్వామ్యము అన్నది ఉండుటయో లేకుండుటయో కాదనియు, దానికి అనేకములైన మెట్లు గలవనియు, ప్రతి మెట్టునకు వేరువేరు వెల గలదనియు చిన్ననాటినుండియే కొంత తెలిసియుండెను.

మా తండ్రిగారు రైల్వే ఉద్యోగి. లాలాగూడ క్వార్టర్సులో మా బాల్యము గడచెను. వారు గ్రాట్యుటీ సొమ్ముతో మల్కాజిగిరిలో కట్టించిన చిన్న యిల్లు, వారి తదనంతరము అన్నదమ్ములము పంచుకొనుటకు వీలుగాక అమ్ముడుపోయెను. నా వంతునకు వచ్చినదియు, నేను కూడబెట్టినదియు కలిసి 2015 నాటికి 15 లక్షల 60 వేల రూపాయలు చేతిలో నుండెను. అప్పటికి నాకు ముప్పదియెనిమిదేండ్లు. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూచు ఉద్యోగము. తూర్పు మారేడుపల్లిలో రెండు పడకగదుల ఫ్లాటునందు నెలకు 15,000 రూపాయల అద్దెకు కాపురము. ఆ భవనములోనే, అచ్చముగా మేమున్నదానిని పోలిన మరియొక ఫ్లాటు 60 లక్షలకు అమ్మకమునకు వచ్చెను.

ఆ వార్త వినగానే మా మామగారు వచ్చి, "ఇన్నాళ్లూ కట్టిన అద్దె బూడిదలో పోసిన పన్నీరే గదా బాబూ! అదే సొమ్ము వాయిదాగా కడితే చివరకు ఇల్లయినా మిగులుతుంది" అనిరి. ఈ మాట వారిదే కాదు. పెండ్లిండ్లలో, ఆఫీసు క్యాంటీనులో, మోండా మార్కెట్టునుండి కూరగాయల సంచులతో తిరిగివచ్చువారి సంభాషణలో ఇది నిత్యము వినబడునదే. అద్దె తిరిగిరాదనుట నిజము. వాయిదా యంతయు మిగులుననుట మాత్రము నిజము కాదు. వృత్తిరీత్యా లెక్కలవాడను గనుక, ఒక ఆదివారమున కాగితము ముందిడికొని, అద్దెను వాయిదాతో కాక, తిరిగిరాని ఖర్చును తిరిగిరాని ఖర్చుతోనే పోల్చి చూడ నారంభించితిని.

అరువది లక్షల యింటికి, రిజర్వు బ్యాంకు నిబంధన ననుసరించి, నూటికి 80 వంతులకు మించి అప్పు పుట్టదు. అనగా 48 లక్షలు. మాకు చెప్పబడిన వడ్డీ 9.75 శాతము, గడువు ఇరువదియేండ్లు, నెలవాయిదా ఇంచుమించు 45,500 రూపాయలు. ఇందులో మొదటి నెల వడ్డీయే 39,000. అసలులో తీరునది 6,500 మాత్రమే. కావున ఆ వాయిదాలో ఏడింట ఆరువంతులు మా మామగారు చెప్పిన బూడిదలోనికే పోవునవి. చేతినుండి పెట్టవలసిన 12 లక్షలకు, నాడు నూటికి ఆరు చొప్పున నున్న స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు 3 లక్షల 60 వేలు చేర్చినచో, మా యొద్దనున్న ధనము సంపూర్తిగా చెల్లిపోవును. ఆ ధనము బ్యాంకులో ఎనిమిది శాతమున నుండినచో నెలకు 10,400 తెచ్చియుండెడిది. అది పోవుటయు ఖర్చే. ఇంటిపన్ను, మరమ్మతులు కలిసి నెలకు 1,600 వేసితిని. మొత్తము 51,000. దీనికెదురుగా అద్దె 15,000. నెలకు 36,000, ఏటికి 4 లక్షల 32 వేలు భేదము. అరువది లక్షలమీద ఇది 7.2 శాతము. అనగా, ఆ ఫ్లాటు ధర ఏటేట 7.2 శాతము పెరుగునెడల కొన్నవాడును అద్దెకున్నవాడును సమానులు. అంతకు మించినచో కొన్నవాడు గెలుచును. తగ్గినచో అద్దెవాడు గెలుచును. ఇంతకాలము 'కొనవలెనా వద్దా' యని కలవరపెట్టిన సమస్య, ఒక్క సంఖ్యను నమ్మవచ్చునా కాదా అను పరిమితమైన ప్రశ్నగా మారెను.

ఈ సంఖ్య శాశ్వతము కాదని గూడ చెప్పవలెను. కాలము గడచినకొలది వడ్డీభాగము తగ్గును, అద్దె పెరుగును, త్రాసు మెల్లమెల్లగా యజమానివైపు వ్రాలును. ఐనను ఆ వ్రాలుట మిక్కిలి మందముగా జరుగును: పదియేండ్లపాటు 54 లక్షల 60 వేలు చెల్లించిన పిమ్మట 48 లక్షల అప్పులో తీరునది 13 లక్షల పైచిల్లర మాత్రమే. మరియొక విషయము. ధర పెరుగునది నేలకేగాని గోడలకు కాదు. ఫ్లాటు కొన్నవానికి దక్కు నేల, జనులు యూడీఎస్ అని వ్యవహరించు అవిభాజ్యపు వాటాయే. మేము చూచినదానికి అది 45 చదరపు గజములు. ఐదంతస్తుల భవనమున పదునైదేండ్ల నాటి లిఫ్టును, తుప్పుపట్టుచున్న నీటిగొట్టములను చూచిన పిమ్మట, ఆ 45 గజములు తక్కిన కట్టడము నంతను మోసికొని ఏటికి ఏడు శాతము చొప్పున పైకెక్కునని విశ్వసింప నాకు ధైర్యము చాలలేదు.

నా భార్య ఈ లెక్కలన్నియు సావధానముగా వినెను. తప్పు పట్టలేదు. "లెక్క సరేనండీ. గోడకు మేకు కొట్టాలన్నా వాళ్లనడగాలి, పదకొండు నెలలకోసారి కాగితం మార్చాలి. అది మీ లెక్కలో ఎక్కడుంది?" అని మాత్రము అడిగెను. పదకొండు నెలల సంగతి అద్దెకున్న వారెల్లరు ఎరిగినదే: 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము ఏడాది మించిన కౌలుపత్రమును రిజిస్టరు చేయింపక తప్పదు గనుక, ఇంటివారు పదకొండు నెలలకే వ్రాయించి, ప్రతి పర్యాయము అద్దె పెంచుదురు. ఆమె ప్రశ్న న్యాయమైనది. ఆర్థికశాస్త్రము పేరు చెప్పి త్రోసిపుచ్చదగినది కాదు. కావున దానికిని ఒక వెల కట్ట నిశ్చయించితిమి. ఎవరి అనుమతియు లేక మేకు కొట్టుకొను స్వేచ్ఛకు, ఖాళీచేయుమను మాట వినవలసిన భయము లేకుండుటకు, నెలకు ఎంత ఇయ్యదగునని ఇరువురము వేరువేరు కాగితములమీద వ్రాసితిమి. నేను ఎనిమిదివేలు వ్రాసితిని, ఆమె పండ్రెండువేలు వ్రాసెను. ఆ స్వేచ్ఛ 36,000లకు ప్రియమని ఆమెయే తేల్చెను.

మన వాఙ్మయమున ఈ వివాదమునకు రెండు ప్రక్కలను సాక్షులు గలరు. భాగవత ఏకాదశస్కంధమున యదువునకు తత్త్వముపదేశించు అవధూత, పాము తనకై యిల్లు కట్టుకొనక ఒరులు కట్టినదానియందు సుఖముగా నుండుట చూచి, గృహనిర్మాణము దుఃఖహేతువని నేర్చుకొంటిననును. ఆయన సన్న్యాసి, పిల్లల బడి మార్పించవలసిన పని ఆయనకు లేదు. భారత అరణ్యపర్వమున యక్షుడు 'సుఖి యెవ్వడు?' అని అడుగగా, ఏ పగటి చివరి భాగముననో యైనను తన యింట ఇంత కూర వండుకొని తినుచు, అప్పు లేక, పరదేశమునకు పోవలసిన పని లేక యుండువాడే సుఖి యని ధర్మజుడు ప్రత్యుత్తరమిచ్చెను. ఆయన గృహస్థుడు గనుక ఈ మాట మాకు దగ్గరైనది. కాని ఆ ఉత్తరమున 'తన యిల్లు', 'అప్పు లేమి' అను రెండును ఏకకాలమున నున్నవి; మా కాలమునందైతే ఒకటి కావలెనన్న రెండవది ఇరువదియేండ్లు వదలుకొనవలెను. రెంటిని ఒక్కమారు పొందుట దుస్సాధ్యమైనపుడు ఏది ముందు అను క్రమము మాత్రమే మన వశమున నుండును. అప్పు లేకుండుట ముందు, ఇల్లు తరువాత అని మేము ఎంచుకొంటిమి.

ఎంచుకొనుట సులభము, నిలుపుకొనుట కష్టము. అద్దెకున్నవాడు లాభపడునది వాయిదాకును అద్దెకును గల అంతరమును నిజముగా దాచినపుడు మాత్రమే; దానిని కారుకో, విహారయాత్రకో వెచ్చించినచో పైలెక్క యంతయు వ్యర్థము. కావున జీతము పడిన మరునాడే, అద్దె కంటె ముందుగా, 30,000 రూపాయలు బ్యాంకు తనంతట తానే తీసివేయునట్లు ఏర్పరచితిమి. అందులో 12,500 పీపీఎఫ్‌కు, అనగా ఏటికి లక్షన్నర గరిష్ఠపరిమితికి. 17,500 రికరింగు డిపాజిట్లకును ఒక ఇండెక్సు ఫండునకును పోయెడిది. పీపీఎఫ్ వడ్డీ 2015–16లో 8.7 శాతముగా నుండి, 2020 ఏప్రిలునాటికి 7.1కి దిగినపుడు మనసు చివుక్కుమనెను. ఐనను ఏర్పాటు మార్చలేదు.

అద్దె బ్రతుకునకు గల కష్టములును వచ్చినవి. 2019లో ఇంటివారి కుమారుడు విదేశమునుండి తిరిగివచ్చుచున్నాడని ఖాళీచేయుమనిరి. రంగులకని అడ్వాన్సులో కొంత పట్టుకొనిరి. పద్మారావునగరునకు మారితిమి. పిల్ల బడి దూరమయ్యెను, అద్దె 18,000 అయ్యెను, క్రమముగా 24,000లకు చేరెను. అదే కాలమున అప్పుచేసి కొన్న మిత్రుల కష్టములును చూచితిని. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపోరేటు 4 నుండి 6.5 శాతమునకు పెరుగగా, వారి వాయిదా మారకపోయినను గడువు ఏండ్ల తరబడి సాగిపోయెను. ఒక మిత్రుని అప్పు ఆయన పదవీవిరమణను దాటి పోయెను. ఆదాయపుపన్ను రాయితీని నమ్ముకొన్నవారికిని, 2023–24 నుండి సహజముగా వర్తించు నూతన విధానమున స్వయముగా కాపురముండు ఇంటి వడ్డీకిగాని ఇంటిఅద్దె భత్యమునకుగాని మినహాయింపు లేకపోయెను.

2025లో, పీపీఎఫ్‌ను ముట్టక, తక్కిన ధనము 62 లక్షలకు చేరినపుడు కొనుటకు బయలుదేరితిమి. మారేడుపల్లిలోని ఆ ఫ్లాటు ఇపుడు కోటి రూపాయలు పలుకుచున్నదని వింటిని. పదియేండ్లలో అరువది లక్షలు కోటి యగుట ఏటికి 5.2 శాతము, 7.2 కాదు. కొనియుండినచో, వడ్డీ మారలేదనుకొన్నను, 35 లక్షల అప్పు పోగా 65 లక్షలు మావి అయ్యెడివి. కొనకపోవుటవలన 62 లక్షలును, పీపీఎఫ్‌లో దాదాపు 22 లక్షలును ఉన్నవి. ధర ఏటికి పది శాతము పెరిగియుండినచో ఇదే లెక్క తలక్రిందులై మమ్ము వెక్కిరించియుండెడిదని మరువరాదు.

మేము కొన్నది మల్కాజిగిరిలో, మూడంతస్తుల పాతభవనమున, 56 లక్షలకు. నాడు ఆరుగా నున్న స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చు 2021 జూలై నుండి నూటికి ఏడున్నర అయినందున 4 లక్షల 20 వేలు అదనము. గోడలు పాతవి, లిఫ్టు లేదు. కాని నేలవాటా 60 గజములు. నిర్మాణములోనున్న ఫ్లాటైనచో నూటికి ఐదు జీఎస్టీ, రెరా నమోదు, గడువునకు అప్పగించునా యను చింత; సిద్ధమైన పాతదానికి ఆ బాధలు లేవు. ముప్పది సంవత్సరముల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఆమోదింపబడిన ప్లాను న్యాయవాది చేత చూపించితిమి. కంటోన్మెంటు సరిహద్దున నున్న ఒక సుందరమైన యింటిని, నేల ఎవరిదో తేలనందున, విడిచిపెట్టితిమి.

సలహా అడుగు యువకులకు నేను చెప్పునవి రెండు. మొదటిది: ధరను ఏటి అద్దెతో భాగింపుడు. ఇరువది లోపు వచ్చినచో సంకోచింపక కొనుడు. మా 2015 నాటి ఫ్లాటువలె ముప్పది దాటినచో నిదానింపుడు. రెండవది మరింత ముఖ్యము: ఒక్క సంవత్సరముపాటు, అప్పు చేసినట్లే భావించి, అద్దె పోగా వాయిదాలో మిగులు భాగమును నెలనెల వేరుగా దాచి చూడుడు. సంవత్సరాంతమున ఆ సొమ్ము చెక్కుచెదరక యున్నచో, మీరు అద్దెకుండుటకు అర్హులు. పండుగకనియు, ఫోనుకనియు అది కరగిపోయినచో, వడ్డీ నష్టమైనను సరే, అప్పు చేసి ఇల్లు కొనుడు. బ్యాంకువారు బలవంతముగా తీసికొను ఆ వాయిదాయే మీ కుటుంబమునకు మిగులు ఏకైక పొదుపు కావచ్చును.