సిలవర పిడి

రాయలసీమలో కత్తి అనగానే సినిమావాళ్లకు వేటకొడవలే కనిపిస్తుంది. పులివెందుల దగ్గరి పల్లెలో చీనీతోట ఉన్న ఆ పెద్దాయన జేబులో నలభై ఏళ్లుగా ఉన్నది మాత్రం మడతచాకు. చీనీకాయ కోయాలన్నా, డ్రిప్పు పైపు తెంపాలన్నా, ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా అదే. తుమ్మకర్ర పిడి, ఇత్తడి రివిట్లు. వాళ్ల నాయన వాడిన చాకు. ఎండలకు ఎండీ ఎండీ ఆ పిడి నిలువునా పగిలింది.

బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు సంగతి విని, ఉగాదికి వస్తూ కొత్త చాకు తెచ్చాడు. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమిరా అబ్బీ, పిడి సిలవరా?"

"ఔ నాయనా, అల్యూమినియం. మంచిది."

"సంగటి గిన్నె సిలవరే, ఈ చాకు గూడా సిలవరేనా! ఇంతకన్నా మంచిది దొరకలేదా?"

కొడుకు మొహం చిన్నబోయింది. మారు మాట్లాడకుండా మరునాడు బస్సెక్కాడు. దానికి నాలుగు వేలు పెట్టాడని తర్వాత తల్లి చెప్పింది. పెద్దాయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వారం తిరక్కుండానే మనవరాలికి చెవులు కుట్టించే పని పడింది. పోగుల కోసం ప్రొద్దుటూరు పోవాలి. ముందు జమ్మలమడుగులో కూతురింట్లో దిగాడు. అల్లుడు చాకును అరచేతిలో పెట్టుకుని, "చేతిలో ఉన్నట్టే లేదే మామా!" అన్నాడు. నిజమే. ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగితే, టైటానియం 4.5, అల్యూమినియం 2.7 గ్రాములే. రోజంతా జేబులో మోసేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

మధ్యాహ్నం పిట్టగోడ మీద మరిచిపోయిన చాకును తీయబోతే వేళ్లు చుర్రుమన్నాయి. అల్యూమినియం వేడిని ఇట్టే చేతికి అందిస్తుంది. చలికాలం పొద్దున అంతే చల్లగా తగులుతుంది. కర్రకు ఆ గుణం లేదు. "చూశావా, నే చెప్పలా!" అన్నాడు పెద్దాయన. అన్నాడే గానీ, ఆ మాటలో సంతోషం లేదు.

బంగారు వ్యాపారానికి పేరుమోసిన ప్రొద్దుటూరులో ఆయనకు పాత పరిచయమున్న ఆచారి ఒకరున్నారు. పోగులు తూచాక, చాకును అద్దం కింద పెట్టి చూశారు.

"అన్నా, మేలిమి బంగారంతో నగ చేస్తే నిలుస్తుందా? రాగి కలపాల్సిందే. ఇదీ అంతే. వట్టి అల్యూమినియం మెత్తన. మెగ్నీషియం, సిలికాన్, జింకు లాంటివి కలిపితే గట్టిపడుతుంది. నీ గిన్నెకూ దీనికీ పేరొక్కటే, పనితనం వేరు."

ఆ పైన రంగు కూడా పూత కాదట. ఆమ్లంలో ముంచి కరెంటు పంపితే లోహం మీదే ఆక్సైడ్ పొర పుడుతుంది. "కెంపు, నీలం రాళ్లు కూడా మూలంలో ఈ ఆక్సైడే అన్నా!" అని నవ్వారు ఆచారి. గట్టిగా గీసుకుపోతే మాత్రం లోపలి తెలుపు బయటపడుతుందనీ హెచ్చరించారు.

ఒకప్పుడు అల్యూమినియం బంగారంతో పోటీపడింది. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ముఖ్యమైన అతిథులకే అల్యూమినియం చెంచాలు పెట్టించేవాడని చెబుతారు. 1886లో చౌకగా తీసే పద్ధతి దొరికాక అది మెల్లగా వంటింటికి దిగింది. స్విట్జర్లాండ్ సైనికులకు 1891లో ఇచ్చిన మడతచాకుకూ కర్ర పిడే. 1961లో దాన్ని అల్యూమినియానికి మార్చారు. 2008లో కొత్త నమూనా వచ్చేదాకా అదే నడిచింది.

టైటానియం పిడి దీనికన్నా ఖరీదే. అయితే మేలురకమా కాదా అన్నది లోహం పేరొక్కటే తేల్చదు. ఏం కలిపారు, ఎట్లా చెక్కారు, ఎవరి చేతికి, ఏ పనికి అన్నవీ చూడాలి.

తిరుగు బస్సులో పెద్దాయన కొడుక్కి ఫోన్ చేశాడు.

"అబ్బీ, చాకు బాగుంది. ఎండలో పెట్టకుంటే చాలు."

అటువైపు కాసేపు మాట లేదు.

"అబ్బ చాకుకు కొత్త పిడి వేయిస్తా. తుమ్మకర్రదే. ఈసారి వచ్చినప్పుడు అది నువ్వు తీసుకుపో."