ఎండిన చెరువులో పొద్దంతా

ఎండాకాలం చెరువు దగ్గర చూడ్డానికేముంటుంది అంటారు చాలామంది. మే నెలలో ఓ ఆదివారం తెల్లవారుతుండగానే మిత్రులతో కలిసి అమీన్‌పూర్ పెద్ద చెరువు కట్ట ఎక్కాను. సంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్‌ను ఆనుకుని ఉన్న ఈ కుతుబ్‌షాహీల కాలపు చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

నీళ్లు బాగా లోపలికి తగ్గాయి. అంచున తెల్లకొంగలు, నీటికాకులు. నలుపు తెలుపుల లకుముకి పిట్ట ఒకటి గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నపళంగా నీళ్లలోకి దూకింది.

ఎండ ముదిరేకొద్దీ పిట్టల సందడి తగ్గి తూనీగలు పెరిగాయి. తుమ్మపుల్ల మీద వాలిన ఎర్ర తూనీగ తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తింది. అలా నిలబడితే ఒంటిమీద ఎండ తక్కువ పడుతుంది. పక్క బండమీద ఇంకోటి, అచ్చం రాతి రంగే, ఎగిరేదాకా కనబడలేదు. నారింజ రెక్కలవి మాత్రం గుంపులు గుంపులు. చూడ్డానికి అందమే. కానీ అవి మురుగునీటిని కూడా తట్టుకునే రకం, అందుకే అన్ని కనబడితే మనసు కలుక్కుమంది.

గట్టున జిల్లేడు ఆకు తింటూ నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరి, సీతాకోకచిలుక అయ్యాక కూడా పిట్టల నుంచి కాపాడుతుంది. పిచ్చిమొక్క అని పీకేసే జిల్లేడే దానికి పుట్టిల్లు.

నేను ఎక్కువసేపు ఆగింది ఎండి నెర్రెలిచ్చిన శిఖం నేల దగ్గర. తీతువుల జంట నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు. ఆ కూత అపశకునమంటారు మనవాళ్లు. పాపం, అది గుడ్ల కోసం పడే ఆరాటం. దూరం జరిగి బైనాక్యులర్స్‌తో చూస్తే గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్లమచ్చలు. గూడంటూ ఏమీ లేదు. కాసేపటికి ఒకటి నీటి అంచుకు వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లమీద కూర్చుంది. మాడే నేలమీద గుడ్లు ఉడికిపోకుండా వాటికి తెలిసిన ఉపాయమది. అక్కడికి నాలుగడుగుల దూరంలోనే ట్రాక్టర్ చక్రాల జాడ.

ఎండిన చెరువును ఖాళీ జాగా అనుకోకండి. అందులో బండి నడపకండి, చెత్త పోయకండి. తీతువు అరుస్తుంటే ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా, కిందికి చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడవండి.