ఎరుక అంటే ఏంటి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఊళ్లలో మహాభారతం నాటకాలు చూస్తూ పెరిగినోళ్లం మేం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తపస్సు మాను ఎక్కిన అర్జునుడికి మొక్కేవాళ్లం. కానీ అతనికి పాశుపతం ఇచ్చిన శివుడు వచ్చింది కిరాతుడిగా, అంటే అడవి వేటగాడిగా అని అప్పుడు మాకు తట్టలేదు.

హాస్టల్లో నాటకం వేద్దామంటే ఎరుకలసాని వేషానికి మాలో ఎవరం ముందుకు రాలేదు. మా కులం తెలిస్తే నవ్వుతారని భయం. చివరికి ఒక చెల్లి ఒప్పుకుంది. బుట్ట వాళ్లవ్వదే, మాటలూ వాళ్లవ్వవే. ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి వరండాలో మా కుర్రు భాష గట్టిగానే మాట్లాడుకుంటున్నాం. ఎరుక అంటే తెలుసుకోవడం. ముందు మనల్ని మనం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ ఒక వేషం కట్టి చూడండి.