హోప్ ఐలాండ్‌కి కిటికీ సీటు

జూన్‌లో అల్ రయ్యాన్‌లో పగలు గడప దాటలేం. ఈ ఏడు ఇండియా ప్రయాణమూ లేదు. మోకాలి ఆపరేషనైన నాన్నకి కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ చూపిస్తానన్నాను, ఫ్లైట్ సిమ్యులేటర్‌లో.

మధురపూడిలో ఎగిరి, ధవళేశ్వరం నుంచి గౌతమి వెంట యానాం, ఆపైన కోరింగ మడ అడవులు. దాదాపు 100 కిలోమీటర్లు. చిన్న కబ్ విమానానికి ముప్పావుగంట. ఆ దీవి గోదావరి మేట వేసిన ఇసుకే, రన్‌వే లేదు. ఎండకి గాలి పలచబడితే రెక్కలకి ఊతం తగ్గుతుంది, అందుకే తెల్లవారుజామునే బయల్దేరాలి. (బీఎస్సీ ఫిజిక్స్ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది!)

"పొడి ఇసుకలో దింపకే, చక్రాలు కూరుకుపోతాయి. ఆటుకి నీళ్ళు తీసిన తడి ఇసుక మీద దించు," అన్నారు నాన్న. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు తొక్కొద్దట. కంప్యూటర్లో తాబేళ్ళుండవు నాన్నా అనబోయి ఊరుకున్నాను.

శుక్రవారం ప్రయాణం. ఆయనకి కిటికీ సీటే కావాలట.